‘ఫలదీకరణ’ ఏ ఘడియకు పేరు?

మా అప్ప నా చేతికిచ్చిన కాగితం తెలుగులోనే అచ్చయి ఉంది. ఒక నగరంలోని సంతాన సాఫల్య కేంద్రం వారు ఇచ్చిన ఆ పత్రంలో పట్టిక గీసి, ఖాళీలను కలంతో పూరించారు. సేకరించిన అండాలు ఏడు. ఫలదీకరణ చెందినవి నాలుగు. నాలుగు అన్న అంకె చుట్టూ ఎవరో సున్న చుట్టారు. బావ ఆ కాగితాన్ని ఫోనులో చదివి వినిపించిన నాడు, నరసన్నపేట దాపున ఉన్న మా ఇంట్లో అమ్మ విన్నది ఒక్క మాటే: ఫలం. ఆ సాయంత్రమే గ్రామదేవతకు కొబ్బరికాయ కొట్టింది. మరునాడు బూరెలు వండి ఇరుగుపొరుగులకు పంచింది. గజపతినగరం వైపు ఉన్న అప్ప అత్తవారింటికి కూడా కబురు వెళ్లింది. రెండు వారాల తరువాత రక్తపరీక్షలో గర్భం లేదని తేలింది.

అప్ప అత్తగారు కోపిష్ఠి మనిషి కారు. ఆమె అడిగిన ప్రశ్నలో దురుద్దేశం ఉందని నేను ఇప్పటికీ అనుకోను. ఫలం వచ్చిందని కాగితంలో రాసి ఉన్నప్పుడు, ఆ వచ్చినది ఏమైనట్టు? ఆమె అడిగినది అంతే. కాని ఆ ప్రశ్న వంటింట్లోంచి వీధరుగు మీదికి వచ్చేసరికి రూపం మార్చుకొంది: వచ్చినదాన్ని ఈ పిల్ల నిలుపుకోలేకపోయింది. అప్ప ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తెచ్చి, నా ముందు పరిచి, “నువ్వు తెలుగులోనే కదా డాక్టరువవుతున్నావు. ఆ ముక్కకి అర్థం ఏటో సెప్పు చెల్లీ” అంది.

నేను వెంటనే చెప్పాను. ఫలాన్ని ఇచ్చేది ఫలదం. ఫలదం కానిదాన్ని ఫలదంగా చేయడం ఫలదీకరణం. అంతకు ముందు లేని స్థితి కొత్తగా కలిగినప్పుడు వచ్చే చ్వి ప్రత్యయం అకారాన్ని ఈకారంగా మార్చి తాను లోపిస్తుంది. శుద్ధీకరణ, నవీకరణ, విద్యుదీకరణ వంటి మాటలన్నీ ఈ అచ్చులో పోసినవే. అప్ప నా ముఖం చూసి, “అయితే మా అత్త అడిగింది నిజమే కదా” అంది. నేను చెప్పిన విగ్రహవాక్యంలో తప్పు లేదు. తప్పు లేకపోవడమే నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు.

పారిభాషిక పదాలపై మన శాఖలలో జరిగే చర్చ చాలావరకు ఒకే గీత మీద నడుస్తుంది. పదం సంస్కృతమా, తెలుగా? పండితునికి అందేదా, పామరునికి అందేదా? నేనూ ఆ గీత మీదనే చదువుకొన్నాను. గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టిన పర్వతాలపేట మా ఊరికి దూరం కాదు. వంశధార ఒడ్డున, ముఖలింగం దగ్గర ఉన్న ఊరు అది. 1863 ఆగస్టు 29న ఆయన జన్మించిన కారణంగానే ఆ తేదీని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాం. పాఠ్యగ్రంథాలు సజీవభాషలో ఉండాలని ఆయన పర్లాకిమిడి నుంచి, గురజాడ అప్పారావుగారు విజయనగరం నుంచి చేసిన వాదాన్ని, మద్రాసు విశ్వవిద్యాలయానికి గురజాడ 1914లో సమర్పించిన అసమ్మతి పత్రాన్ని మేము బడిపిల్లల వయసు నుంచే మా ప్రాంతపు ఆస్తిగా భావిస్తాం. అందువల్ల ‘ఫలదీకరణ’ను చూసినప్పుడు నాకు మొదట తోచినది కూడా అదే: ఇది గ్రాంథికుల మాట, అందుకే మా అమ్మకు అర్థం కాలేదు. కాని జరిగినది అది కాదు. మా అమ్మకు ఆ మాట అర్థమయింది. అక్షరాలా అర్థమయింది. ‘కరణ’ ప్రత్యయాల సంగతి తెలియకపోయినా, ‘ఫలం’ ఆమె నిత్యం వాడే మాట. చిక్కు మాట కాఠిన్యంలో లేదు. ఆ మాట ఏ క్షణానికి పేరుగా పెట్టబడింది, ఏ క్షణాన్ని చెబుతోంది అన్న తేడాలో ఉంది.

ఈ తేడా తెలుగుకు మాత్రమే పరిమితమైనది కాదు. ఇంగ్లీషు ఫెర్టిలైజేషన్‌కు మూలమైన లాటిన్ మాటకు ‘మోయునది, కాచునది’ అని అర్థం. ఆ భాషలో ఈ క్రియ మొదట నేలకు చెందినది. పొలానికి సారం చేర్చడం అన్న అర్థం స్థిరపడిన చాలా కాలానికి జీవశాస్త్రంలోకి వచ్చింది. నేటికీ సంచిలో వచ్చే రసాయనానికీ, అండంలో జరిగే సంయోగానికీ ఇంగ్లీషులో ఒకే ధాతువు. తెలుగు ఈ రెంటినీ విడదీసి ఒకదానిని ఎరువు అంది. (ఎరువుకు అప్పు అనే అర్థం కూడా ఉంది కనుక, ఎరువు తెచ్చుకొన్న మాటల గురించి రాస్తూ ఈ సంగతి దాటిపోలేకపోయాను.) జర్మన్ భాషలో ఇదే భావానికి ఉన్న బెఫ్రుఖ్‌టుంగ్ అన్న మాట మన ‘ఫలదీకరణ’కు దాదాపు ప్రతిబింబం. మధ్యలో ఉన్నది ఫలమే. దానికి ముందూ వెనుకా చేరిన వర్ణాలు ‘కలుగజేయడం’ అన్న అర్థాన్నిస్తాయి.

ఆ జర్మన్ మాట చరిత్ర మనకు ఉపయోగపడుతుంది. మొక్కలలో లింగభేదం ఉందని కామెరేరియస్ ప్రయోగపూర్వకంగా చూపింది 1694లో. కీటకాలు పువ్వులకు చేసే మేలును స్ప్రెంగెల్ గ్రంథరూపంలో పెట్టింది 1793లో. ఆ గ్రంథం పేరులో ఉన్నది బెఫ్రుఖ్‌టుంగే. కాని అందులోని విషయంలో అధికభాగాన్ని ఈనాడు మనం పరాగసంపర్కం అంటాం. డార్విన్ 1862లో ఆర్కిడ్ పువ్వుల మీద, 1876లో స్వపర సంపర్కాల ఫలితాల మీద ప్రచురించిన గ్రంథాల శీర్షికల్లోనూ ఫెర్టిలైజేషన్ ధాతువే ఉంది. పుప్పొడి కీలాగ్రం మీద పడటం మొదలు కాయ కట్టడం దాకా ఉన్న వ్యవహారమంతటికీ అప్పట్లో అదే పేరు. అది ఆ శాస్త్రజ్ఞుల అజాగ్రత్త కాదు. నడుమ ఏం జరుగుతుందో చూసిన కన్ను అప్పటికి ఇంకా లేదు. కంటికి కనిపించేవి రెండే: మొదట పుప్పొడి, చివర ఫలం. అందుకే కనిపించే చివరను బట్టి మొత్తానికి పేరు పెట్టారు.

నడుమనున్నది తరువాత కనబడింది. ఆస్కర్ హెర్ట్‌విగ్ సీ అర్చిన్ అనే సముద్రజీవి అండంలో రెండు కేంద్రకాలు కలవడాన్ని సూక్ష్మదర్శినిలో చూసి 1876లో ప్రకటించాడు. స్ట్రాస్‌బుర్గర్ 1884లో పుష్పించే మొక్కల్లో అదే కలయికను వర్ణించాడు. నవాషిన్ 1898లో లిల్లీ జాతి మొక్కల్లో ఒకటి కాదు, రెండు సంయోగాలు జరుగుతాయని చూపాడు. మన పాఠ్యపుస్తకాల్లో ద్విఫలదీకరణ అని ఉన్నది అదే. ఈ పరిశీలనల తరువాత ఫెర్టిలైజేషన్ అన్న మాట కుంచించుకొని కేంద్రకాల కలయికకు పరిమితమైంది. పరాగసంపర్కానికి వేరే పేరు పుట్టి స్థిరపడింది. అంటే పదం అలాగే ఉండి, దాని కిందనున్న క్షణం మారింది. గంటలు, వారాలు పట్టే వ్యవహారానికి పెట్టిన పేరు కంటికి కనిపించని ఒక సంయోగానికి మిగిలింది. తెలుగు శాస్త్ర రచన ఊపందుకొన్నది ఆ తరువాతనే. కొమర్రాజు లక్ష్మణరావుగారి పూనికతో విజ్ఞాన చంద్రికా మండలి 1906లో ప్రారంభమై విజ్ఞానశాస్త్ర గ్రంథాలను వెలువరించే నాటికి పాశ్చాత్యశాస్త్రంలో ఈ విభజన జరిగిపోయింది. తెలుగు అకాడమి 1968లో ఏర్పడి కళాశాల స్థాయి పుస్తకాలను, పదకోశాలను సిద్ధం చేసే నాటికి అది పాతబడింది కూడా. కాబట్టి తెలుగు విద్యార్థి మొదటి నుంచీ పరాగసంపర్కం, ఫలదీకరణ అన్న జంటనే చదువుకొన్నాడు. అయితే జంటలోని రెండో మాట లోపల, విభజనకు ముందునాటి విశాలార్థం మాత్రం అలాగే ఉండిపోయింది. పాత ఇంటిని కొత్తవారు కొన్నా తలుపు మీది పేరు మార్చనట్టు.

మన పరిభాషాకారులకు ఈ సంగతి తెలియదా? తెలుసనే నా అభిప్రాయం. దానికి సాక్ష్యం పుస్తకాల్లోనే ఉంది. నేను దాన్ని ఇంటర్మీడియెట్‌లో బట్టీ పట్టి కూడా గమనించలేదు. పురుషబీజంతో కలయిక లేకుండా అండం నుంచి జీవి పుట్టడాన్ని తెలుగు జంతుశాస్త్రం అనిషేక జననం అంటుంది. తేనెపట్టులోని మగ ఈగ అలా పుట్టినదే. సంయోగం లేకుండా కాయ కట్టడాన్ని వృక్షశాస్త్రం అనిషేక ఫలనం అంటుంది. మనం తినే గింజలేని అరటి అనిషేక ఫలం. ఇక్కడ ఆగి చూడాలి. సంయోగం జరిగితే ఫలదీకరణ. జరగకపోతే అనిషేకం. భావరూపం ఒక ధాతువు నుంచి, అభావరూపం మరొక ధాతువు నుంచి ఎందుకు వచ్చాయి? అఫలదీకరణ ఫలం అని ఎందుకు అనలేదు? అనలేరు కనుక. ఫలదం కానిది ఫలాన్ని ఎలా ఇస్తుంది? అరటి గెల ముందు నిలబడి ఆ మాట పలికితే మాటే మాటను కొట్టేస్తుంది. ఫలదీకరణ అన్న పదం సంయోగానికి పేరు కాదని, సంయోగపు ఫలానికి పేరని ఆ ఒక్క చోట మన పరిభాషే ఒప్పుకొంది. ఒప్పుకొని, అవసరం పడినంత మేరకు నిషేకాన్ని పిలిపించి, పని కాగానే పంపించివేసింది.

నిషేకం ఎందుకు పూర్తిగా నిలవలేదు? బెంగాలీలో ఇదే ధాతువు నుంచి నిషేక్ అనీ, హిందీలో నిషేచన్ అనీ పాఠ్యపుస్తకాల్లో స్థిరపడ్డాయి. తెలుగులో దానికి అడ్డుపడినది పంచాంగమని నా ఊహ. ధర్మశాస్త్రాల్లో సంస్కార పరంపర నిషేకంతో మొదలవుతుంది. తెలుగు ఇళ్లలో నిషేక ముహూర్తం, గర్భాధాన ముహూర్తం అన్నవి పెళ్లి తరువాతి కార్యానికి పురోహితుడు చూసి పెట్టే లగ్నాలు. ఆ మాటను తీసుకొచ్చి తరగతి గదిలో బొబ్బర్ల పువ్వుకు వర్తింపజేయడానికి ఉపాధ్యాయుడు జంకి ఉంటాడు. విద్యార్థులు నవ్వి ఉంటారు. లేఖనాధారం చూపలేను కనుక ఇది ఊహగానే ఉండనివ్వాలి. గర్భాధానం విషయంలో మరొక చిక్కు కూడా ఉంది. ఆధానం అంటే ఉంచడం. నిషేకం అంటే చిలకరించడం. రెండింటిలోనూ ఉంచేవాడు, చిలకరించేవాడు ఒకడే. రెండోవారు పాత్ర, లేదా క్షేత్రం. హెర్ట్‌విగ్ చూసిన దృశ్యంలో రెండు కేంద్రకాలు ఒకదానినొకటి సమీపిస్తాయి. అక్కడ విత్తేవాడు లేడు, పొలమూ లేదు.

కలయికను కలయిక అనే పద్ధతి మన పూర్వులకు లేకపోలేదు. చరకసంహిత శారీరస్థానం గర్భాన్ని నిర్వచించేటప్పుడు శుక్రశోణితాలకు జీవంతో కలిగే సంయోగాన్ని చెప్పి, అది కుక్షిని చేరినప్పుడే గర్భమనే పేరు వస్తుందని నియమం పెట్టింది. శుక్రశోణిత వాదం నేటి శాస్త్రానికి సరిపోదు. ఆ వాదంతో నాకు పని లేదు. అక్కడి పదక్రమం మాత్రం గమనించదగినది. సంయోగం ఒకటి, గర్భసంజ్ఞ మరొకటి. రెండింటి నడుమ ఒక షరతు ఉంది. సుశ్రుతుడు ఋతువు, క్షేత్రం, అంబువు, బీజం అనే నాలుగింటి సమావేశాన్ని మొలకతో పోల్చాడు. బీజం పడితే చాలదని ఆ పోలిక ఉద్దేశం. మన పాఠ్యపుస్తకం కూడా ఫలదీకరణ ఫలితాన్ని సంయుక్తబీజం అనే అంటుంది. ఇది చక్కని పదం. ఇంగ్లీషులో దీనికి ఉన్న జైగోట్ అన్న పేరుకు మూలం గ్రీకులో కాడి. సంస్కృత యుజ్ ధాతువూ, ఆ గ్రీకు మాటా ఒకే పూర్వరూపం నుంచి వచ్చిన సోదరులు. రెండు ఎడ్లను కాడికి కట్టినట్టు రెండు బీజాలు. మలయాళం ఈ దారినే పోయి బీజసంకలనం అంది. తమిళం కరువుఱుదల్ అని పిండాన్ని పొందడాన్ని చెప్పింది. మరాఠీలో ఫలన్ అన్నారు. దానికీ మన ఇబ్బందే. పొరుగు భాషలను ఇలా పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్కొక్కటి ఒకే సంఘటనను ఒక్కొక్క కొసన పట్టుకొన్నట్టు తోస్తుంది: చర్యను కొన్ని, కలయికను కొన్ని, ఫలితాన్ని కొన్ని.

ఫలీకరణం అన్న చిన్న రూపం ఎందుకు స్థిరపడలేదన్న ప్రశ్న కూడా నన్ను కొన్నాళ్లు తిప్పింది. ఫల శబ్దానికి నేరుగా చ్వి చేరితే వచ్చేది అదే. అది ఖాళీగా ఉన్న మాట కాదు. శ్రౌతప్రక్రియలో పురోడాశం కోసం వడ్లు దంచి, పొట్టు పోయాక ఆ బియ్యాన్ని మళ్లీ దంచి తవుడు వదిలించడానికి ఫలీకరణం అని పేరు. ఆ వదిలిన తవుడూ ఫలీకరణాలే. పరిభాషాకారుడు ఈ అర్థాన్ని ఎరిగి తప్పించుకొన్నాడో, లేక ‘ఫలద’ శబ్దంలోని దానభావం అతనికి నచ్చిందో తేల్చలేం. ఏమైనా ‘ద’ అనే ఒక్క అక్షరం చేరడంతో ఒక కొత్త భారం వచ్చింది. ఫలదం ఇచ్చేది. ఇవ్వవలసినది. ఫలదంగా చేయబడిన తరువాత ఇవ్వకపోతే లోపం ఎవరిది? అప్ప అత్తగారు అడిగిన ప్రశ్న ఆ ‘ద’లోంచి పుట్టింది.

1978 జూలై 25న ఇంగ్లండులో లూయిస్ బ్రౌన్ పుట్టింది. అదే ఏడాది అక్టోబరు 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ కృషితో మన దేశంలో తొలి పరీక్షనాళికా శిశువు జన్మించింది. ఈ పద్ధతి రాకముందు మనిషి చరిత్రలో ఏ స్త్రీకీ ఫలదీకరణ కబురు అందలేదు. గర్భం నిలిచాకనే కబురు. జరిగిందో లేదో ఎవరూ చూడలేని సంఘటనకు ఫలితాన్ని బట్టి పేరు పెడితే నష్టం లేదు. ఆ పేరు వినబడే వేళకు ఫలితం ఉండనే ఉంది. ఇప్పుడు ప్రయోగశాలలో అండాన్నీ శుక్రకణాన్నీ కలిపిన పదహారు పద్దెనిమిది గంటలకు సూక్ష్మదర్శినిలో చూసి, రెండు కేంద్రకాలు కనిపిస్తే, కాగితంలో అంకె వేస్తారు. ఆ అండాలు విభజన చెందాలి. మూడోనాడో ఐదోనాడో ఎంచినవాటిని గర్భాశయంలో ప్రవేశపెట్టాలి. అవి అక్కడి గోడలో కుదురుకోవాలి. ఇన్ని మెట్లలో ఎక్కడైనా ఆగిపోవచ్చు, ఆగిపోవడం సాధారణం కూడా. ఆగినందుకు ఆ స్త్రీ చేసినదేమీ ఉండదు. వందేళ్లు వృక్షశాస్త్ర పాఠంలో ఎవరికీ హాని చేయకుండా ఉన్న పదం, సంతాన సాఫల్య కేంద్రపు పట్టికలోకి వచ్చి ఒక ఇంటివాళ్లకు అబద్ధం చెప్పింది. ‘సాఫల్యం’ కూడా ఫలమే కదా. తలుపు మీద ఫలం, కాగితంలో ఫలం, చివరకు విఫలం.

ఇదంతా అప్పకు చెప్పాను. విన్నది. తలూపింది. అమ్మకు చెప్పడం మాత్రం నా వల్ల కాలేదు. చరకుడు, హెర్ట్‌విగ్, కాడి, అన్నీ చెప్పి చూశాను. అమ్మ పెరట్లో చేట పట్టుకొని తాలు చెరుగుతోంది. ఆమె చేతిలోని చేట చూసి నాకు తోచింది. “అమ్మా, సుంకు పడింది గాని పాలు పోసుకోలేదు” అన్నాను. చేట ఆగింది. “అదా! మరి ఆ ముక్క ముందే సెప్పొచ్చు కదే” అంది. ఆపై ఒక్క మాట అడగలేదు.

మా ప్రాంతంలో వరిచేను గురించి మాట్లాడేటప్పుడు ఫలదీకరణకు సమానమైన ఒక్క మాట లేదు. దశకొక మాట ఉంది. చేను పొట్ట మీద ఉంటుంది. ఈనుతుంది, ఆవు ఈనినట్టే. వెన్ను బయటపడి సుంకు వస్తుంది. సుంకు రాలుతుంది. పాలు పోసుకొంటుంది. ఆ పాలు గట్టిపడతాయి. ఎక్కడ తప్పినా మిగిలేది తాలు. వరిపువ్వు విచ్చుకొనేది పొద్దెక్కాక. గంట అటూ ఇటూగా మళ్లీ మూసుకొంటుంది. పుప్పొడికి జీవం ఉండేది కొద్ది నిమిషాలు. ఆశ్వయుజ మాసంలో, సరిగ్గా మా చేలు సుంకు మీద ఉండే రోజుల్లో, బంగాళాఖాతంలో వాయుగుండాలు లేస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినవి ఆ రోజుల్లోనే. అటువంటి గాలివానలో సుంకు మీద చిక్కిన చేను పచ్చగానే నిలబడవచ్చు. వెన్ను నిటారుగా ఉండటం చూసి కొత్తవాళ్లు బాగుందనుకొంటారు. మావాళ్లకు తెలుసు, నిటారుగా ఉన్నదంటేనే లోపల ఏమీ లేదని. గింజ పట్టిన వెన్ను వంగుతుంది. ఆ ఏడు తాలు పట్టిందని చేనును ఎవరూ నిందించరు.

ఉద్దానంలో జీడితోటల మాట మరొక విధం. ఒక్క పూగుత్తిలో మగపువ్వులూ, రెండు లింగాలూ ఉన్న పువ్వులూ కలిసి ఉంటాయి. కాయ పట్టగలిగేవి రెండో రకమే. వాటిలోనూ చివరిదాకా నిలిచేవి కొద్ది. పూత చూసి లెక్క వేసే రైతు పలాస చుట్టుపక్కల ఉండడు, పిందె చూసి కూడా వేయడు. పైగా ఎర్రగా మెరిసే జీడిపండు వృక్షశాస్త్రం ప్రకారం ఫలమే కాదు. ఉబ్బిన కాడ అది. నిజమైన ఫలం కింద వేలాడే పిక్క. ఫలం అన్నది ఏదో తేల్చడమే ఇంత కష్టమైన చోట, ఫలదీకరణ అన్న మాట మీద ఎంత బరువు పెట్టగలం? తాటిచెట్ల దగ్గర మాత్రం మావాళ్లకు సందేహం లేదు. పోతుతాడి కాయదు, పెంటితాడి కాస్తుంది. పోతుతాడిని ఎవరూ గొడ్డు అనరు. కాయని పెంటిదానికే ఆ పేరు. పొలం మాటల్లో న్యాయం ఉందని పొంగిపోతున్న నన్ను ఈ ‘గొడ్డు’ ఆపింది. పల్లె పలుకుబడి అంతా దయగలదని రాస్తే అది మా ఊరి మీద నాకున్న మమకారమే తప్ప పరిశోధన కాదు.

స్త్రీల విషయంలో వాడే మాటలను చూసినా ఈ రెండు గుణాలూ కనబడతాయి. నెల తప్పింది. నీళ్లోసుకుంది. కడుపు నిలిచింది. వీటిలో ఏదీ సంయోగాన్ని చెప్పదు. కంటికి అందిన గుర్తును చెబుతుంది. వరికి పాలు పోసుకోవడం, మనిషికి నీళ్లోసుకోవడం. ఈ రెండూ ఒకే అచ్చులో ఉండటం యాదృచ్ఛికమో కాదో నాకన్న పెద్దలు చెప్పాలి. పశువు విషయంలో ఎదకు రావడం, దాటించడం, చూడి కట్టడం అని మూడు మెట్లు విడివిడిగా ఉన్నాయి. దాటించిన ఆవు చూడి కట్టకపోతే మళ్లీ ఎద కోసం చూస్తారు. కోడిగుడ్డు దగ్గర మరీ సూటిగా, పుంజు తొక్కిన గుడ్డు, తొక్కని గుడ్డు అంటారు. తొక్కినదల్లా పిల్ల అవుతుందని ఏ ఇల్లాలూ అనుకోదు. పొదిగేసిన తరువాత కొన్ని మురిగిపోతాయి.

భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో వెలువరించిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయానికి చెందినది. విజయనగరం అప్పటికి జిల్లా కాదు. 1979లో గాని కాలేదు. మా తాతల తరం రైతుల నోటి మాటలు ఆ కోశం కాలానివి. దాని వెనుకనే, ఆరేళ్ల తేడాతో తెలుగు అకాడమి ఏర్పడింది. ఒకే దశకంలో, ఒకే రాష్ట్రంలో, ఒకచోట సేద్యపు పదాలు కార్డుల మీదికెక్కాయి, మరొకచోట జీవశాస్త్ర పదాలు తయారయ్యాయి. మొదటి పెట్టెలోని పదాలు రెండో బల్ల మీదికి రాలేదని వగచడం తేలిక, నేనూ నా సిద్ధాంతవ్యాసం తొలి ముసాయిదాలో అలాగే వగచాను. ఇప్పుడు అలా అనిపించడం లేదు. ద్విఫలదీకరణను సుంకుతో చెప్పలేం. కప్పల బాహ్య ఫలదీకరణను అసలే చెప్పలేం. (కప్ప కాయదు, నిజమే. అయినా ఫలదీకరణ అక్కడికీ వెళ్లింది. వరి మాట అంత దూరం వెళ్లదు.) శాస్త్రపదానికి ఉన్న గుణం అదే. చెట్టు నుంచి చేప దాకా ఒకే రూపంలో నడవగలదు. ఆ గుణాన్ని వదులుకోమని అడిగే సాహసం నాకు లేదు. అరవై ఏళ్లుగా లక్షలమంది చదివిన పదాన్ని ఒక వ్యాసంతో మార్చమనడం తగదు కూడా.

అడగదలచినది చిన్నది. పారిభాషిక పదాన్ని పరీక్షించేటప్పుడు తత్సమమా, దేశ్యమా అన్న ప్రశ్నకు ముందు, ఈ పదం సంఘటనలోని ఏ ఘడియను చెబుతోంది అని అడగాలి. సంయోగానికి ఫలం పేరు పెట్టిన చోట, ఆ పదం పుస్తకం దాటి రోగి చేతికి వెళ్లేటప్పుడు పక్కన ఒక వాక్యం వెళ్లాలి. ఆ పట్టికలో ‘ఫలదీకరణ చెందినవి నాలుగు’ అన్నదాని కింద, ‘అండం, శుక్రకణం కలిశాయి, గర్భం నిలిచిందీ లేనిదీ రెండు వారాల తరువాత తెలుస్తుంది’ అని ఒక్క పంక్తి ఉంటే బూరెలు వండేవారు కాదు. ఆ పంక్తి రాయడానికి వైద్యుడు అక్కరలేదు. తెలుగు శాఖలో కూర్చొన్న మనం చాలు. ఆ రాత్రి నేను అలాంటి పంక్తులు ఒక పేజీ నిండా రాసి అప్పకు ఇచ్చాను. అత్తగారికి చదివి వినిపించింది బావ. ఆమె ఏమన్నారో అప్ప చెప్పలేదు. కాని వీధరుగు మీది మాట అక్కడితో ఆగిందని మాత్రం అంది.

ఈ వ్యాసం చిత్తుప్రతి రాస్తున్న రోజుల్లోనే వారు రెండోసారి అదే కేంద్రానికి వెళ్లారు. కాగితం ఈసారీ అదే నమూనా. నిన్న రాత్రి అప్ప ఫోను చేసి అంకెలు చెప్పింది. ఆ పదం మాత్రం ఎత్తలేదు. “ఆరింట్లో మూడు సుంకు దాటాయట చెల్లీ. పాలు పోసుకోడం ఇంకా సూడాల” అంది. వెనుక నుంచి అమ్మ గొంతు వినబడింది, పొయ్యి మీద ఏమీ పెట్టలేదని చెప్పమంటోంది.